తవ్వెడు గోటి బియ్యం

ఫిబ్రవరి పదహారో తేదీ సాయంత్రం ఐదు గంటల నలభై నిమిషాలకు, మా వరండాలో పరిచిన చాప మీద కూర్చోబోతున్న పొరుగింటావిడను మా నాన్న కూర్చోవద్దన్నాడు. వేళ నాకు కచ్చితంగా తెలుసు. అప్పుడే కార్యాలయం నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ గోడ గడియారం చూశాను. ఇల్లు చేరిన వేళ రాసుకోవడం నాకు పాతికేళ్ల అలవాటు. ఆ రోజు ఆ వేళ పక్కన ఇంకొక్క ముక్క కూడా రాయలేదు. కోపంలో ఉన్నప్పుడు డైరీలో అంకెలు తప్ప ఇంకేమీ రాయకూడదని నాకు నేను పెట్టుకున్న నియమం. రెండు నెలలు దాటినా కోపం తగ్గలేదు కాబట్టి, ఆ నియమాన్ని ఇవాళ పక్కన పెడుతున్నాను.

ముందు చాప సంగతి చెప్పాలి. శ్రీరామనవమికి భద్రాచలంలో జరిగే కల్యాణానికి చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు గోటితో ఒలిచిన తలంబ్రాల బియ్యం పంపుతారు. వాటికి రోకలి తగలకూడదు, మర తగలకూడదు. వడ్లగింజను రెండు గోళ్ల మధ్య పెట్టి పొట్టు విడదీయాలి. గింజ విరగకూడదు, దాని ముక్కు ఊడకూడదు. సారపాకలో మా వీధిలోని ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, అందరూ పంతులమ్మ అని పిలిచే ఆవిడ, నవమికి ముందు ఇంటింటికీ వడ్లు పంచి, నెల తర్వాత బియ్యం కొలిచి తీసుకుంటుంది. ఎవరి మొక్కు ఎంతో ఆవిడ పుస్తకంలో ఉంటుంది. మా అమ్మ మొక్కు తవ్వెడు. తవ్వ అంటే ఎనిమిది గిద్దెలు. నేనొకసారి గిద్దెడు గింజలు లెక్కపెట్టాను: రెండు వేల తొమ్మిది వందల పన్నెండు. ఆ లెక్కన తవ్వకు ఇరవై మూడు వేల పైచిలుకు గింజలు, ఒక్కొక్కటీ విడివిడిగా.

ఆ మొక్కు నాన్న కోసం మొక్కినది. ఏడేళ్ల కిందట ఖమ్మంలో ఆయన గుండెకు ఆపరేషన్ జరిగినప్పుడు, ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని అమ్మ మొక్కుకుంది: మనిషి బతికి ఇంటికొస్తే, ఆయన ఉన్నన్నాళ్లూ ఏటా తవ్వెడు గోటి బియ్యం పంపుతానని. ఆ బెంచీ మీద అమ్మ పక్కన మూడు రోజులు కూర్చున్నది ఈ పొరుగావిడే. ఆమె భర్త భద్రాచలంలో ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేవాడు. ఆయన పోయాక ఆమె జాకెట్లు కుట్టి బతుకుతోంది. అమ్మ ఆమెను ‘చెల్లె’ అంటుంది. నేను ‘చిన్నమ్మ’ అంటాను. ఆ వరసన ఆమె మా నాన్నను ‘బావా’ అని పిలిచి, వీలైనప్పుడల్లా ఆట పట్టిస్తుంది. ఆమె తురక, మేము కాదు అన్న సంగతి ఇరవై రెండేళ్ల ఇరుగుపొరుగులో పండుగ పూట పళ్లేలు మారినప్పుడు తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు.

మొక్కు తీర్చడం మొదలుపెట్టిన మొదటి ఏడు అమ్మ గోళ్లు రెండు రోజుల్లో చీలిపోయాయి. చిన్నమ్మ గోడ మీదుగా చూసి, "నీ గోర్లు మైనం లెక్కున్నయక్కా. జరుగు, నేనూ కూసుంట," అని వచ్చి కూర్చుంది. అప్పటి నుంచి ఆరేళ్లు ఆ చాప మీద ఆమె చోటు ఆమెదే. నిమిషానికి అమ్మ మూడు గింజలు ఒలిస్తే, చిన్నమ్మ పన్నెండు ఒలుస్తుంది. పోయిన ఏటి ఎనిమిది గిద్దెల్లో ఐదున్నర ఆమెవి, రెండున్నర అమ్మవి. మా నాన్న ప్రాణం నిలిచినందుకు దేవుడికి చెల్లిన బియ్యంలో మూడింట రెండు వంతులకు పైగా ఆమె గోటి కష్టం. ఆ లెక్కను ఎవరైనా వచ్చి నా డైరీలో చూసుకోవచ్చు.

ఆ సాయంత్రం ఆమె ఎప్పటిలాగే తన స్టీలు పళ్లెంతో, మోకాలి కింద పెట్టుకునే చిన్న దిండుతో వచ్చింది. ఒక కాలు చాప మీద పెట్టింది. నాన్న కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు.

"ఈసారి వద్దమ్మా. మనోళ్లే చేసుకుంటే మంచిగుంటదనుకున్నం."

ఆమె పరాచికమనుకుంది. "ఏంది బావా, మరి నేను ఎవలోళ్లను?"

"దేవుని పని గదా. గట్లనే ఉండాలె."

"ఆరేండ్ల సంది తెల్వంది దేవునికి ఇయ్యాల తెలిసిందా?"

నాన్న చేతిలోని ఫోను వైపు చూశాడు. ఆమె అమ్మ వైపు చూసింది. అమ్మ తల ఎత్తలేదు. చేటలో వడ్లు ఇటు నుంచి అటు కదుపుతూ కూర్చుంది. చిన్నమ్మ చాప మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది. "సరే అక్కా. బొటనేలికి గుడ్డ సుట్టుకో, మళ్ల సీలుతది," అని చెప్పి, గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయింది.

ఇలా చేయమని మా నాన్నను ఎవరూ అడగలేదు. గుడి అడగలేదు. పంతులమ్మ అడగలేదు, చిన్నమ్మ పని ఆవిడకు ఆరేళ్లుగా తెలుసు, మెచ్చుకుంటుంది కూడా. ఇది పూర్తిగా మా నాన్న సొంత బుద్ధి. సొంతం అనడం కూడా తప్పే. అది ఆ ఫోనులోంచి ఊరిన బుద్ధి.

"చిన్నమ్మ ఏంజేసింది నాన్నా?" అని అడిగాను.

"ఆమె ఏం జెయ్యలే. ఆమె మంచిదే. నేను మొత్తం మీద జెప్తున్న."

"మొత్తం మీద అంటే?"

"దేశంల ఏమైతున్నదో సూస్తలేవా? నీకు నీ డైరీ తప్ప ఏం కనవడది."

‘మొత్తం మీద’ అన్న ఆ మాట విన్నప్పుడు నాకు పట్టిన ఆగ్రహాన్ని వివరించాలంటే, ఈ మనిషి ఒకప్పుడు ఎలాంటివాడో చెప్పాలి. మా నాన్న కాగితపు మిల్లులో వెదురు కాటా దగ్గర ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేశాడు. నిండు లారీని తూచాలి, సరుకు దించాక ఖాళీ లారీని తూచాలి, ఒకదాంట్లోంచి ఒకటి తీసివేస్తే వెదురు బరువు. ఏ లారీ లెక్క ఆ లారీదే. పొద్దున వచ్చిన పది లారీలు సరిగ్గా ఉన్నాయి కాబట్టి పదకొండోదీ ఉంటుందని ఆయన ఏనాడూ రాయలేదు. పది లారీల్లో మోసం జరిగిందని పదకొండో లారీవాణ్ని దొంగ అనలేదు. అడవి ఊళ్ల మనుషులు నరికి తెచ్చిన వెదురుకు ఒక కాంట్రాక్టరు తూకం తగ్గించి చూపుతున్నాడని తెలిసినప్పుడు, చీటీలన్నీ వరసగా పెట్టి, ఎర్రజెండా యూనియన్‌ను వెంటబెట్టుకుని వెళ్లి నిలదీసినవాడు మా నాన్న. తేదీ వేయడం, లెక్క రాయడం నాకు నేర్పింది ఆయనే. నేను పెళ్లి చేసుకోనంటే, "నీ బతుకు నీ ఇష్టం బిడ్డా," అని ఒక్క మాటతో చుట్టాల నోళ్లు మూయించింది ఆయనే.

అలాంటి మనిషి ఆపరేషన్ తర్వాత ఇంటిపట్టున కూర్చున్నాడు. ఫోను చేతికి వచ్చింది. ఉదయపు నడకలో నలుగురు తోడు దొరికారు. మొదట్లో ఆరోగ్య చిట్కాలు వచ్చేవి. తర్వాత ఫలానావాళ్ల దుకాణంలో కొనవద్దన్న వీడియోలు వచ్చాయి. ఆ తర్వాత ఫలానావాళ్లకు ఓటు ఉండకూడదన్నవి. ఎవరి తూకం కోసం ఒకప్పుడు కొట్లాడాడో ఆ అడవి ఊళ్లవాళ్లను ఇప్పుడు ‘అడివంతా మింగెటోళ్లు’ అంటున్నాడు. జనవరి నెలలో ఆయన నుంచి నా ఫోనుకు వచ్చినవి మూడు వందల డెబ్బై ఒకటి. ఒక అల్లర్ల వీడియోలో దుకాణాల పేర్లు ఏ భాషలో ఉన్నాయో చూపించి, అది మన దేశమే కాదని నిరూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చూసి, "అయితేంది? రేపు ఈడ గూడ గట్లనే అయితది," అన్నాడు. భద్రాద్రి తలంబ్రాల్లో గులాలు కలపడం, కల్యాణానికి ముత్యాలు పంపడం గోల్కొండ పాదుషా కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ అని పెద్దలు చెప్పే మాట గుర్తుచేశాను. ఆ కథ నాకు చిన్నప్పుడు చెప్పింది కూడా ఆయనే. "గదంతా మనల్ని మోసం జేసి రాసిన్రు," అన్నాడు.

అమ్మ వాదించదు, వీడియోలు పంపదు. ఆమె మార్పు వంటింట్లో జరిగింది. పోయిన దసరా తర్వాత చిన్నమ్మకు చాయ్ ఇచ్చే గ్లాసు వేరైంది. అంచుకు గీత ఉన్న స్టీలు గ్లాసు, అలమరలో కింది అరలో, విడిగా. మూడో రోజే చిన్నమ్మ కనిపెట్టింది. "ఏందక్కా, నాకు కొత్త గ్లాసు కొన్నవా? మస్తు మర్యాద జేస్తున్నవ్," అని నవ్వుతూ తాగి, కడిగి బోర్లించి వెళ్లింది. ఆ నవ్వు చూశాక కూడా ఆ గ్లాసు కింది అరలోంచి పైకి రాలేదు. మా అమ్మను నేను నాన్నకంటే ఎక్కువగా క్షమించలేకపోయింది అక్కడే.

నా తప్పు కూడా రాయాలి. చిన్నమ్మను పంపించిన మర్నాడు అమ్మ నన్ను అడిగింది: "నువ్వన్న జర కూసో బిడ్డా, నాతోని ఒక్కదానితోని కాదు."

"చేసేటామెను పంపించినవు గదా. చేసుకో," అన్నాను.

ఆ మాట మీద నెల రోజులు నిలబడ్డాను. రోజూ సాయంత్రం ఆమె ఒక్కతే చాప మీద కూర్చునేది. నేను ఎదురుగా కుర్చీలో కూర్చుని, ఆమె ఒలిచినవి కొలిచి రాసుకునేదాన్ని. నేను పనిచేసేది నీటిపారుదల శాఖలో. వరద రోజుల్లో గోదావరి నీటిమట్టాన్ని గంటగంటకూ నమోదు చేయడం మా పని. నీరు పెరుగుతుంటే ఎంత భయం వేసినా, కొలత పలక దగ్గర నిలబడి అంకె రాయడమే తప్ప చేయగలిగింది లేదు. అమ్మ విషయంలో చేయగలిగింది ఉంది. అయినా అంకెలే రాశాను.

రోజుకు రెండు గంటలు, నిమిషానికి మూడు. ఇరవై ఏడో రోజు, మార్చి పద్నాలుగున, నా డైరీలో ఉన్నది మూడు గిద్దెలు. పదిహేనున పొద్దున దేవుడి గదిలోకి వెళితే ఇత్తడి గిన్నె నిండా తవ్వెడు బియ్యం ఉన్నాయి.

గిన్నెను కిటికీ వెలుగులోకి తెచ్చాను. గోటి బియ్యానికి తవుడు పొర పోదు. గింజ లేత గోధుమ రంగులో, ముక్కుతో సహా ఉంటుంది. గిన్నెలో పైన అలాంటివే ఉన్నాయి. వేలు పెట్టి లోతుకు కలిపితే, నున్నగా, ముక్కు అరిగిన మర బియ్యం బయటపడ్డాయి. తెలుపు కనిపించకుండా వాటికి పసుపు నీళ్లు రాసి ఆరబెట్టింది. అవి మేము రోజూ అన్నానికి వండుకునే బియ్యం.

చిన్నమ్మ చెయ్యి తగిలితే మైల అవుతుందని, మర తగిలిన బియ్యం కలిపారు. శుద్ధి కోసం కల్తీ చేశారు. ఈ ఒక్క వాక్యం రాయడానికే ఇంత దూరం వచ్చాను.

"ఎట్లాగూ రేపు గుడి కాడ పసుపు, గులాలు కలుపుతరు. ఎవలకు తెలుస్తది?" అంది అమ్మ, గుమ్మంలో నిలబడి.

"మొక్కింది నువ్వు. నీకు తెల్వదా?"

"మీ నాన్నకు చెప్పకు బిడ్డా. ఆయనకు మొక్కు తక్కువైతే మంచిది గాదు." అప్పుడు ఆమె కుడి బొటనవేలు చూశాను. గోరు సగం దాకా నల్లబడి, దాని మొదలు దగ్గర చీము పట్టింది. నెల రోజులు ఎదురుగా కూర్చుని గిద్దెలు రాసుకున్న నాకు ఆ వేలు కనబడలేదు. నాన్న సరిగ్గానే అన్నాడు, డైరీ తప్ప ఏమీ కనబడదని.

చెప్పకు అన్నందుకే చెప్పాను. వరండాలో పేపరు చదువుతున్న నాన్న ముందు డైరీ తెరిచి పెట్టాను. ఉపన్యాసం చెప్పలేదు. కాటా చీటీలా చదివాను.

"నిండు బండి ఎనిమిది గిద్దెలు. అమ్మ ఒలిచినయి మూడు. తేడా ఎంత?"

ఆయన అలవాటు కొద్దీ పేపరు అంచున పెన్నుతో రాశాడు. "ఐదు."

"ఆ ఐదు ఎక్కడియి?"

ఆయన లేచి దేవుడి గదిలోకి వెళ్లాడు. చిటికెడు బియ్యం అరచేతిలో పోసుకుని వెలుగులోకి వచ్చి, వేలితో రెండు వైపులకు విడదీశాడు: గోధుమ రంగువి ఒక పక్క, పసుపువి ఒక పక్క.

"ఇది దొంగ తూకం," అన్నాడు.

"అవ్, దొంగ తూకమే," అంది అమ్మ. నా జీవితంలో అమ్మ ఆయన మాటకు అంత తొందరగా జవాబు చెప్పడం అదే మొదలు. "ఎవల కోసం చేసిన? నీ పాణం కోసం మొక్కిన. నీ మాట కోసం చెల్లెను పంపిన. నా ఏలు సూడు."

ఆయన చూడలేదు. "ఉన్నయే ఇయ్యి. మూడు గిద్దెలే ఇయ్యి. నేనేం దొంగలెక్క చెయ్యమన్ననా?"

"మూడు గిద్దెలియ్య. సగం గూడ గావు. నీకు పోయిందేముంది, నువ్వు ఫోను సూసుకుంట కూసుంటవు."

"మరేంజేస్తవ్?"

అమ్మ చాప చుట్టింది. వడ్ల చేట మీద పళ్లెం బోర్లించి చంకన పెట్టుకుంది. "మనిషి చాప మీదికి రావద్దంటివి. నేను చాపనే మనిషి కాడికి తీస్కపోత," అని గేటు తీసుకుని వెళ్లిపోయింది. అమ్మ ఇలా చేయగలదని నా డైరీలో ఎక్కడా లేదు.

నేను గిన్నెతో వెనకే వెళ్లాను. చిన్నమ్మ కుట్టుమిషను ముందు ఉంది. అమ్మ చేతిలోని పళ్లేన్ని, చాపను చూసింది.

"ఏందక్కా, అన్నీ తెచ్చుకున్నవ్. గీత గ్లాసు మర్సిపోయినవా?"

అమ్మ ముఖం మాడిపోయింది. "తిట్టు చెల్లె."

"తిడ్త. మస్తు తిడ్త. ముందు ఆ ఏలు సూపియ్యి." వేలు పట్టుకుని చూసి, వేడి నీళ్లకు పొయ్యి వెలిగించింది. తర్వాత చాప తనే పరిచి, తన చిన్న దిండు తెచ్చుకుని కూర్చుంది. "వడ్లు ఇటియ్యి, ఒలుసుకుంట తిడ్త. గింజలు దేవునియి, ఆ మాట బావది. ఆ రెండు నేను కలుపను. గనీ ఒకటి ఇను అక్కా. మీ గడప మాత్రం ఎక్క. పొమ్మన్నాయనే రమ్మనాలె."

గిన్నెలోని బియ్యం పళ్లెంలో పోసి, మర బియ్యం ఒక్కొక్కటీ ఏరి పక్కన పెట్టడం నా పని. దానికే ఆ పూటంతా పట్టింది. పదహారు, పదిహేడు తేదీల్లో సెలవు పెట్టి నేనూ ఒలిచాను. నా వేగం నిమిషానికి నాలుగు. చిన్నమ్మ తిడతానన్నంతా తిట్టింది. అమ్మను తిట్టింది, నన్ను ఇంకా ఎక్కువ తిట్టింది: "సదువుకున్నదానివి, నెల రోజులు తల్లి రగతం గిద్దెతోని కొలుసుకుంట కూసున్నవా?" మధ్యాహ్నం ఆమె ఇంట్లో ముగ్గురం ఒకే రకం గ్లాసుల్లో చాయ్ తాగాం.

పదిహేడు సాయంత్రం నాన్న ఆమె గేటు దాకా వచ్చాడు. లోపలికి రాలేదు. గేటు ఊచలు పట్టుకుని అడిగాడు: "ఎంతైంది?"

చిన్నమ్మ తల ఎత్తకుండా అంది: "నా గోర్లకు ఏ పార్టీ లేదు బావా. చెవులు మాత్రం ఉన్నయి. పిలిస్తే ఇనవడ్తది."

ఆయన ఊచలు వదిలి వెళ్లిపోయాడు. నేను లేచి వెళ్లి గట్టిగా అడుగుదామనుకున్నాను. చిన్నమ్మ నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

పద్దెనిమిది సాయంత్రం పంతులమ్మ కొలిచి తీసుకుంది. మా తవ్వ నిండలేదు. ఆరున్నర గిద్దెలు.

"ఈసారి తగ్గినయేంది వదినా?" అని అడిగింది, పెన్ను పట్టుకుని.

వీధిలో ఎనిమిది మంది ఆడవాళ్లు ఉన్నారక్కడ. అమ్మ వేలికి కట్టు ఉంది. వేలు నొప్పి అంటే సరిపోయేది, అబద్ధం కూడా కాదు. అమ్మ అలా అనలేదు. "ఒలిసే మనిషిని ఇంట్లకెల్లి పొమ్మన్నం. అందుకే తగ్గినయి," అంది. పంతులమ్మ ఆరున్నర అని రాసుకుంది.

ఏరి పక్కన పెట్టిన ఐదు గిద్దెల బియ్యాన్ని అమ్మ మర్నాడు వండింది. అన్నం పసుపుగా వచ్చింది. నాన్న కంచం వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఎందుకిలా ఉందని అడగకుండా తిన్నాడు.

ఆయన మారాడని రాయడం నాకిష్టం, కానీ అబద్ధం అవుతుంది. వీడియోలు వస్తూనే ఉన్నాయి. నిన్న వచ్చినవి పదకొండు. చిన్నమ్మను ఆయన ఇంకా పిలవలేదు. ఆమె మా గడప ఎక్కలేదు. ఇవాళ ఏప్రిల్ ఇరవై రెండు; ఆయన వద్దన్న రోజు నుంచి అరవై ఐదు రోజులు. గీత గ్లాసును అమ్మ పాత సామాను వాడికి ఇచ్చేసింది. రోజూ సాయంత్రం కూరగాయల పళ్లెం పట్టుకుని పక్కింటికి వెళ్లి, అక్కడే తరుక్కుని వస్తోంది.

ఈ సాయంత్రం నాన్న వరండాలో అటూ ఇటూ తిరిగి అడిగాడు: "చాప ఏదే?"

"చెల్లె ఇంట్ల ఉన్నది. పోయి తెచ్చుకో," అంది అమ్మ, గేటు దాటుతూ.

ఆయన గేటు దాకా వెళ్లాడు. గడియ తీశాడు. కొద్దిసేపు దాన్ని చేత్తో పట్టుకునే ఉన్నాడు. మళ్లీ వేసి, వచ్చి బండల మీదే కూర్చున్నాడు. ఆరు గంటల ఐదు నిమిషాలు.